సింహం నోట్లో చెయ్యి పెట్టని మనిషి

ఈ మధ్య మా శాఖలో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు రాజమండ్రిలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. తోటల ఉద్యోగంలో ముందుగా ఏం నేర్చుకోవాలో చెప్పమన్నారు. వాళ్ళ చదువు నా చదువుకంటే పెద్దది. అంట్లు కట్టడం, చీడలు, ఎరువుల మోతాదులు నేను వాళ్ళకి చెప్పక్కర్లేదు. కాఫీ ఇచ్చి, నీళ్ళ గురించీ నర్సరీల గురించీ ఏవో నాలుగు మాటలు చెప్పి పంపేశాను. వాళ్ళు గేటు దాటాక, చెప్పవలసింది చెప్పలేదని తోచింది. అది ఇక్కడ రాస్తున్నాను.

ప్రభుత్వ తోటలో ఉద్యోగమంటే మొక్కలతో పని అనుకుంటారు. సగం నిజం. మిగతా సగం, తోట చూడటానికి వచ్చేవాళ్ళతోనూ తోటలో పనిచేసేవాళ్ళతోనూ పడే పాటు. మొక్కకు జబ్బు చేస్తే పుస్తకం ఉంది. మనిషి మీద నింద పడినప్పుడు ఏం చెయ్యాలో మాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు.

తోట, దాని కాపలాదారులు

నేను ఎక్కువ కాలం పనిచేసింది మండపేటకు అవతల, కాలువ గట్టు పక్కనున్న ఒక రాజావారి తోటలో. ఊరి పేరు రాయను. ఇందులోని మనుషులు కొందరు ఇంకా ఉన్నారు. జమీందారీ పోయాక తోట ప్రభుత్వం చేతికి వచ్చింది. రాజావారు ఎక్కడెక్కడి నుంచో తెప్పించి నాటించిన మామిళ్ళు, పనసలు, సంపంగులు, ఒక పొగడ చెట్ల బాట, నేను వెళ్ళేనాటికే నీళ్ళు చిమ్మడం మానేసిన ఫౌంటెను, గేటుకు అటొకటి ఇటొకటి రెండు సింహాలు. ఇదీ ఆస్తి. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు పచ్చిక మాడిపోయేది. అప్పుడు వచ్చినవాళ్ళు కూడా తోట బాగాలేదని అనేవారు కాదు. వాళ్ళకు గేటు దగ్గర సింహాలుంటే చాలు.

అవి రాతి సింహాలు కావు. ఇటుకలు పేర్చి, మీద డంగుసున్నపు గచ్చుతో మలిచినవి. మలిచినవాడు సింహాన్ని ఎన్నడూ చూసి ఉండడు. మూతి మీద మీసాలు రాజావారి జవానుకు ఉన్నట్టు మెలితిరిగి ఉంటాయి, పాదాలు ఏనుగు పాదాల్లా ఉంటాయి. తూర్పుదాని నోరు తెరిచి ఉంటుంది, పడమటిదాని నోరు మూసి ఉంటుంది. మాలీలు తూర్పుదాన్ని పెద్దోడు అనీ పడమటిదాన్ని చిన్నోడు అనీ పిలిచేవారు. తెరిచిన ఆ నోరు మనిషి ఛాతీ ఎత్తున ఉంటుంది. కళ్ళు చెయ్యి బాగా పైకెత్తితే అందే ఎత్తున ఉంటాయి. నాలుగు కళ్ళలోనూ ఎర్రటి గాజు బిళ్ళలు పొదిగారు. ఉదయం ఎండ పడితే మెరిసేవి. అవి కెంపులని ఊరంతా నమ్మేది. గాజువని నేను ఎన్నిసార్లు చెప్పినా, "ఆయ్, మీరలాగే చెప్పాలి లెండి, గవర్నమెంటోళ్ళు" అని నవ్వేవారు.

సందర్శకులు రకరకాలు. స్కూలు పిల్లలు సింహాల మీదికి ఎక్కుతారు, మాస్టార్లు వాళ్ళను దింపుతూ తామూ ఒక ఫోటో దిగుతారు. పెళ్ళి వీడియోల రోజులు వచ్చాక, పెళ్ళికొడుకు పెద్దోడి పక్కనా పెళ్ళికూతురు చిన్నోడి పక్కనా నిలబడటం తప్పనిసరి అయింది. కార్తీకమాసం ఆదివారాలు వనభోజనాలకు ట్రాక్టర్ల మీద ఊళ్ళకు ఊళ్ళే దిగేవి. సోమవారం ఉదయం విస్తళ్ళు ఎత్తించడంతోనే మా పని మొదలయ్యేది. ఇవన్నీ మామూలే. ఆ సింహాల దగ్గర ఇంకొక పని కూడా జరిగేది.

చెయ్యి పెట్టడం

రాజుల కాలంలో కౌలురైతుల మధ్య తగవు వస్తే, నింద పడినవాడు పెద్దోడి నోట్లో కుడిచెయ్యి పెట్టి "నేను చెయ్యలేదు" అనాలి. అబద్ధమాడితే సింహం చెయ్యి కొరుకుతుందని నమ్మకం. రాజులు పోయినా ఆ ఆచారం పోలేదు. గట్టు తగాదాలు, కొబ్బరికాయల తగాదాలు, గేదె పాలు ఎవరు పిండుకున్నారన్న తగాదాలు, అన్నీ టికెట్టు కొనుక్కుని మరీ మా గేటు దగ్గరికి వచ్చేవి.

నేను దేవుని వాక్యం మీద పెరిగినవాణ్ణి. మా నాన్నగారు పల్లెల్లో వాక్యం బోధించే ఉపదేశి. నేను మా చర్చి సంఘానికి పెద్దగా ఉన్నాను, సండే స్కూలు చాలా ఏళ్ళు నడిపాను. అవునంటే అవును, కాదంటే కాదు, దానికి మించి ఒట్టు వద్దని ప్రభువు నేర్పిన సంగతి మాకు అక్షరాలతోపాటు వచ్చింది. అందులోనూ విగ్రహం నోట్లో చెయ్యి పెట్టి ఒట్టు. నేను చేరిన కొత్తలోనే ఈ ఆచారం ఆపుదామని అప్పటి అధికారిని అడిగాను. ఆయన మంచివాడు, లోకం తెలిసినవాడు. "ఆపడం కష్టం కాదు. మీరు ఆపితే, క్రైస్తవుడు గనక ఆపాడంటారు. ఆ తర్వాత మీరు చెట్టు కొమ్మ కొట్టినా అదే అంటారు. మీ పని మీరు చూసుకోండి" అన్నాడు. అది సబబే అనిపించి ఊరుకున్నాను. కొత్తవాళ్ళకు నేనూ అదే చెబుతాను. నమ్మకాల మీద బోర్డులు పెట్టకండి. వాటివల్ల ఎవరికైనా దెబ్బ తగిలేటప్పుడు మాత్రం పక్కకు తప్పుకోకండి.

దెబ్బ తగలడమంటే ఏమిటో ఒక ఎండాకాలం చూశాను. పక్కపక్క చేపల చెరువుల రైతులిద్దరు వచ్చారు. తన చెరువులో నీళ్ళు రోజురోజుకీ తగ్గుతున్నాయనీ, పక్కవాడు తూము పలక ఎత్తేస్తున్నాడనీ ఒకాయన ఫిర్యాదు. రెండో ఆయన తెల్లచొక్కా వేసుకుని, పదిమందిని వెంటబెట్టుకుని, ధైర్యంగా చెయ్యి పెట్టాడు. పెట్టినవాడు కేక వేసి చెయ్యి లాక్కున్నాడు. లోపల కందిరీగలు గూడు పెట్టుకున్నాయి. నేను చూపించాను, గూడు కర్రతో బయటికి తీసి మరీ చూపించాను. "అన్ని రోజులూ ఊరుకున్న కందిరీగలు ఈయన్నే ఎందుకు కుట్టాయండి?" అని వాళ్ళ పెద్దమనిషి నన్నే అడిగాడు.

చేపలు పట్టడానికి చెరువు ఎండగట్టినప్పుడు నిజం బయటపడింది. గట్టు నిండా పీతల బొరియలు. నీళ్ళు వాటిలోంచే పోయాయి. ఫిర్యాదు చేసినాయన తప్పు ఒప్పుకున్నాడు కూడా. అయినా రెండో ఆయనకు "సింహం కరిచినోడు" అన్న పేరు పోలేదు. చాలా ఏళ్ళ తర్వాత ద్రాక్షారామం బస్సులో నా పక్కన కూర్చున్నాయన ఆయన్ని ఆ పేరుతోనే చెప్పాడు. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పిన మనిషికి తెలియదు.

పెద్దోడి కన్ను

తొంభైల చివర, ఒక కార్తీక సోమవారం పొద్దున్నే హెడ్ మాలీ వీర్రాజు గారు ఆఫీసు గుమ్మంలో నిలబడ్డారు.

"ఒకసారి గేటు దగ్గరికి రావాలండి."

"ఏమైంది వీర్రాజు గారూ?"

"పెద్దోడికి కన్ను లేదండి."

ఆయన గొంతు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇంట్లో మనిషికి ఏదో అయినట్టు అన్నారు. ఆయన తండ్రి రాజావారి దగ్గర మాలీ. ఆయనా ఆ తోటలోనే పెరిగారు, ఆ సింహాల మధ్యే ఆడుకున్నారు. తర్వాత జరిగినదానికి ఆయన్ని చెడ్డమనిషిగా అనుకోకూడదని ముందే చెబుతున్నాను.

కుడికన్ను ఉండాల్సిన చోట గుంట ఉంది. ముందురోజు వనభోజనాలకు ఎన్ని వందలమంది వచ్చారో మాకు తెలియదు. అంతా వెతికాం. ఊడ్చిన చెత్త తిరగేశాం. ఎక్కడా లేదు. మధ్యాహ్నానికి వీర్రాజు గారి అనుమానం సువార్తమ్మ మీద నిలిచింది.

సువార్తమ్మ గేటు దగ్గర ఊడ్చే దినకూలీ. వారానికోసారి కొబ్బరి పీచుతో సింహాలు తోమి కడిగేది కూడా ఆవిడే. భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లలు హాస్టల్లో ఉండి చదువుకునేవారు. ఆ పని తప్ప ఆ ఇంటికి ఇంకో ఆధారం లేదు. ఆవిడ మా సంఘంలో మనిషి. ఆదివారం చర్చిలో నన్ను అన్నయ్యగారూ అనేది, సోమవారం తోటలో సార్ అనేది. ఆ తేడా ఎప్పుడూ తప్పేది కాదు.

"రోజూ దాని ముందుండేది ఆవిడ. తోమేది ఆవిడ. కన్ను వదులైందని ఇంకెవరికి తెలుస్తుందండి?" అన్నారు వీర్రాజు గారు.

ఆవిణ్ణి పిలిచి అడిగాను.

"నేను తియ్యలేదండి."

"మరి ఏమైందనుకుంటున్నావు?"

"తెలీదండి. శనివారం కడిగినప్పుడు ఉంది. నేను తియ్యలేదు."

వీర్రాజు గారు కలగజేసుకున్నారు. "తియ్యకపోతే భయమేంటమ్మా? పెద్దోడి నోట్లో చెయ్యి పెట్టి ఆ మాటే అను. అయిపోద్ది."

"ఆ మాట ఇప్పుడే అన్నాను కదండి."

"ఇక్కడ అనడం వేరు, అక్కడ అనడం వేరు."

"నాకు వేరు కాదండి."

టికెట్ కౌంటర్లో ఉండే సత్తిబాబు వాతావరణం తేలిక చేద్దామని, "కందిరీగలు లేవక్కా, నిన్ననే చూశాను. పెట్టెయ్" అన్నాడు. ఆవిడ నవ్వలేదు. చీపురు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రానికి ఊళ్ళో మాట పాకింది. కెంపు పోయింది, తీసినావిడ చెయ్యి పెట్టనంటోంది. రెండో మాట మొదటిదానికి రుజువైపోయింది. నేను అడ్డుపడితే "వాళ్ళ చర్చి మనిషి కదా" అంటారు. అనడం అప్పటికే మొదలైంది, నా చెవిన కూడా పడింది. మా పై అధికారికి ఫోన్ చేశాను. నేను చేరినప్పటి ఆయన కాదు ఈయన. అలాగని కొత్తగా వచ్చినవాడూ కాదు, తోట సంగతి అంతా తెలుసు.

"అక్కడ ఆచారం ఉందిగా. ప్రమాణం చేయించెయ్యండి. చేస్తే సరే సరి. చెయ్యనంటే పనిలోంచి ఆపెయ్యండి. గురువారం నేను వస్తున్నాను, ఈలోగా తేలిపోవాలి."

"ఆవిడ మతం ఒప్పుకోదండి."

"మతమేంటండీ, ఓ మాట అనడానికి? మీరే చెప్పండి ఆవిడకి. మీ మాట వింటుంది."

అయ్యగారి ఇంట్లో

బుధవారం సాయంత్రం ప్రార్థన కూటం అయ్యాక సువార్తమ్మను వెంటబెట్టుకుని మా పాస్టరు అయ్యగారి ఇంటికి వెళ్ళాను. అయ్యగారు పెద్దవారు, నిదానస్తులు. విషయం విని, సింహం దగ్గరికి వెళ్ళవద్దని వెంటనే చెప్పారు. ఆపైన కాసేపు ఆలోచించి, "కోర్టులో సాక్ష్యం చెప్పేటప్పుడు మనవాళ్ళు ప్రమాణం చేస్తున్నారు, సంఘం అడ్డు చెప్పడం లేదు. అధికారం అడిగినప్పుడు చేసేది వేరు. అమ్మా, నువ్వు ఆదివారం సంఘం ముందు, వాక్యగ్రంథం మీద చెయ్యి పెట్టి చెప్పు. ఆ తోటవాళ్ళని కూడా పిలుద్దాం. వాళ్ళకీ తృప్తి, నీకూ దోషం లేదు" అన్నారు.

నాకది బాగానే ఉందనిపించింది. రెండు పక్షాలకూ దారి దొరికింది, అధికారికి కూడా ఏదో ఒక ప్రమాణం చూపించవచ్చు. సువార్తమ్మ తలవంచుకుని విని, మెల్లగా అంది.

"అడిగినోళ్ళకి చెప్పేశానండి అయ్యగారూ. ఇప్పుడు చెయ్యి పెట్టి ఇంకా గట్టిగా చెబితే, మొదటిసారి చెప్పింది అబద్ధమనా అండి?"



"పని పోద్దమ్మా" అన్నాను నేను.

"తెలుసండి. పిల్లల గురించి రాత్రంతా అదే అనుకుంటున్నాను. అయినా నేను తియ్యలేదన్న మాటకి ఇంకేం కలపనండి. కలిపితే అది నా మాట కాదు."

అయ్యగారు ప్రార్థన చేసి పంపారు. నడిచి వస్తూ ఆలోచించాను. ఆవిడ మాట నేను నమ్మాను. కానీ నా నమ్మకం మా సంఘం బెంచీల మీద చెల్లుతుంది, గేటు దగ్గర చెల్లదు. గురువారం పొద్దున ప్రార్థనలో నాకు దర్శనమేమీ కలగలేదు. ఒక మామూలు ఆలోచన మాత్రం వచ్చింది. చెట్టు వాడితే మేం ఎవరిని అనుమానించాలో ముందు ఆలోచించం. మట్టి తవ్వి వేరు చూస్తాం. ఈ సింహం దగ్గరికి వచ్చేసరికి మూడు రోజులుగా అందరం మనుషుల మొహాలు చూస్తున్నాం గానీ, ఊడిపోయిన చోటును ఎవరం సరిగ్గా చూడలేదు.

స్టూలు ఎక్కి చూస్తే

గేటు తెరవడానికి ముందే వెళ్ళి, సత్తిబాబును కౌంటర్లోని స్టూలు తెమ్మన్నాను. మాలీలందరినీ పిలిచాను. వీర్రాజు గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. సువార్తమ్మ కొంచెం దూరంగా, చీపురు పట్టుకుని ఉంది.

నేను స్టూలు ఎక్కి పెద్దోడి కుడి గుంటలోకి చూశాను. సింహాలకు ఎనామిల్ పెయింటు వేసి ఉంది, కంటి అంచు దాకా మందంగా. ఎవరైనా మేకుతోనో చాకుతోనో కన్ను పెకలిస్తే ఆ పెయింటు చిట్లాలి, గీత పడాలి. ఎక్కడా గీత లేదు. అంచు చుట్టూ సిమెంటు ఉంగరంలా నిలబడి ఉంది. దాని వెనక పాత గచ్చు తడిసిన పిండిలా రాలుతోంది. వేలు పెడితే వేలికి అంటుకుని వచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ళ క్రితం ఒక మంత్రిగారు తోట చూడటానికి వస్తారన్నప్పుడు, సింహాల కళ్ళ చుట్టూ బీటలున్నాయని ఈ పై అధికారే సిమెంటు పెట్టించి, మీద పెయింటు కొట్టించారు. సున్నపు గచ్చు ఊపిరి తీసుకుంటుంది. వానకు తడుస్తుంది, ఎండకు ఆరుతుంది. దాని మీద సిమెంటూ పెయింటూ వేస్తే తడి లోపలే ఉండిపోతుంది. గచ్చు లోపల్నించి పిండి అవుతుంది, సిమెంటు మాత్రం పైన గట్టిగా కనిపిస్తుంది. డెల్టాలో పాత ఇళ్ళు బాగుచేయించుకున్నవాళ్ళు చాలామంది చేసిన తప్పే ఇది. గోడ బాగుపడిందని సంతోషిస్తారు, రెండు వానాకాలాలు గడిచాక గోడ పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది.

ఇదంతా నేను చెబితే సరిపోదని తెలుసు. "వీర్రాజు గారూ, మీరొచ్చి చిన్నోడి కన్ను చూడండి" అన్నాను.

"నేనెందుకండి? నా మోకాళ్ళు ఎక్కనివ్వవండి."

"సత్తిబాబు పట్టుకుంటాడు. చూడండి."

గొణుక్కుంటూ ఎక్కారు. సత్తిబాబు నడుము పట్టుకున్నాడు.

"ఏం కనబడుతోంది?"

"ఏముందండి, కన్నుంది. బాగానే ఉంది."

"బొటనవేలితో అంచు మీద నొక్కండి."

నొక్కారు. అది వస్తుందని నాకు నిశ్చయంగా తెలియదు. కదులుతుందని మాత్రం అనుకున్నాను. చిన్నోడి ఎడమకన్ను, చుట్టూ ఉన్న సిమెంటు పలుకుతో సహా, వీర్రాజు గారి అరచేతిలోకి వచ్చిపడింది. వెనకాల సున్నం పొడి ధారగా రాలింది.

వీర్రాజు గారు స్టూలు మీదే నిలబడి చేతిలోకి చూసుకుంటున్నారు. వెలుతురుకు పట్టి చూస్తే ఎర్ర గాజు బిళ్ళ, వెనక తగరం రేకు అతికించి ఉంది.

సత్తిబాబు కిందనుంచి, "బాబాయ్, ఇప్పుడు నువ్వు పెట్టాలి చెయ్యి, పెద్దోడి నోట్లో" అన్నాడు.

"నోర్ముయ్యరా. నేనేం చేశాను? అదే ఊడొచ్చింది."

"అందరూ అదే అంటారు బాబాయ్. దిగు మరి, పెట్టు."

మాలీలు నవ్వారు. వీర్రాజు గారికి మాత్రం నవ్వు రాలేదు. ఆయన దిగి, ఆ బిళ్ళను తుడిచి నా చేతిలో పెట్టి, "మరి పెద్దోడిదేమైందంటారు?" అని అడిగారు.

"ఆదివారం ఏదో వేళ పడి ఉంటుంది. కింద దొరికినవాళ్ళు పట్టుకుపోయి ఉంటారు. లేదా కాళ్ళ కింద నలిగి ఉంటుంది. ఎవరు, ఎప్పుడు అన్నది నాకు తెలియదు."

ఆ కన్ను తర్వాత కూడా దొరకలేదు. అది ఊడి పడిందని రుజువైంది గానీ, ఎటు పోయిందో రుజువు కాలేదు. ఊళ్ళో కొందరు మునుపటిలాగే నమ్మారు. వాళ్ళను మార్చడం నా వల్ల కాలేదు. తోటలో మాత్రం ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మా సంఘంలో కొందరు దేవుడు అద్భుతం చేశాడని సాక్ష్యం చెప్పారు. నేను అలా చెప్పను. ఆ పని సిమెంటు చేసింది. దగ్గరికి వెళ్ళి చూడమన్న బుద్ధి మాత్రం ఆయన ఇచ్చిందే అంటాను.

పై అధికారి

ఆయన పదింటికి జీపు దిగారు. నేను గాజు బిళ్ళ చూపించి జరిగింది చెప్పాను. సిమెంటు అన్న మాట దగ్గర ఆయన ఒక్కసారి సింహం వైపు చూసి, మళ్ళీ నా వైపు చూశారు.

"ఆవిడ ప్రమాణం చేసిందా?"

"లేదండి. అవసరం రాలేదు."

"సరే. మిగతా కళ్ళు కూడా ఊడకముందే తీయించి లోపల పెట్టండి. పాత సున్నం పనివాళ్ళెవరైనా ఉంటే చూడండి" అన్నారు. సువార్తమ్మను పిలవలేదు. పనిలోంచి ఆపెయ్యమన్న మాట తన నోటినుంచి ఎన్నడూ రానట్టే, పొగడ బాట ఎంత బాగుందో మెచ్చుకుని వెళ్ళిపోయారు.

ఈయన గురించి కొత్తవాళ్ళకు సూటిగా చెబుతాను. దుర్మార్గుడు కాదు. ఆ తర్వాతి ఏళ్ళలో తోటకు నీటి మోటార్లు తెచ్చింది ఆయనే. అయితే పై కుర్చీలో ఉన్నవాడికి ప్రమాణం చాలా సుఖమైన వస్తువు. అది చేయిస్తే తాను వెతకనక్కర్లేదు, ఎండలో నిలబడనక్కర్లేదు, తన పాత ఉత్తర్వు ఏం చేసిందో చూసుకోనక్కర్లేదు. బరువంతా అందరికంటే కింద నిలబడిన మనిషి నెత్తికి మారుతుంది. మీ ఉద్యోగంలో సింహాలు ఉండకపోవచ్చు. సంజాయిషీ రాయమనడం, అందరి ముందు నిలబెట్టి అడగడం, "తప్పు లేకపోతే భయమెందుకు" అనడం ఉంటాయి. అన్నీ ఒకటే. వాటికి ముందు స్టూలు వేసుకుని చూడండి. చూశాక కూడా తెలియకపోతే తెలియదనే చెప్పండి. తెలియనిదాన్ని మనిషి మీద వేసి తేల్చెయ్యకండి.

ద్రాక్షారామం వైపునుంచి, గుళ్ళకు సున్నం పనులు చేసే మేస్త్రీలను పిలిపించాం. సిమెంటు గీకి, పెయింటు వలిచి, కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపిన డంగుసున్నంతో కళ్ళు మళ్ళీ పొదిగారు. పెద్దోడి కుడికంటికి సరిపోయే గాజు దొరకలేదు. ఆ గుంటను నున్నగా సున్నంతో పూడ్చేశారు. పెళ్ళి వీడియోవాళ్ళు ఆ వైపు రాకుండా కెమెరా తిప్పుకోవడం నేర్చుకున్నారు.

ఆ మధ్యాహ్నం

జీపు వెళ్ళిపోయాక జరిగిన ఒక చిన్న సంగతి చెప్పాలి.

వీర్రాజు గారు సువార్తమ్మ దగ్గరికి వెళ్ళారు. నేను పక్కనే కుళాయి దగ్గర చేతులకంటిన సున్నం కడుక్కుంటున్నాను. పెద్దమనిషి, తన కూతురి వయసున్న మనిషి ముందు నిలబడటం ఆయనకు అలవాటు లేదు. పైపంచె సర్దుకున్నారు, మళ్ళీ సర్దుకున్నారు.

"ఏమ్మా, మాట పడ్డావు. నేనే అన్నాను. మనసులో పెట్టుకోకు."

"లేదండి వీర్రాజు గారూ."

"నాలుగు రోజులు ఊరంతా అంటుంటే ఒక్కసారన్నా గట్టిగా అనకపోయావా? ఏడవనన్నా ఏడవలేదు. ఏడిస్తే నాకైనా తెలిసేది కదా."

"సోమవారమే చెప్పాను కదండి."

"చెప్పావనుకో. ఇప్పుడన్నా నాలుగు మాటలు అను. పడతాను."

ఆవిడ ఏదో ఆలోచించినట్టు సింహం వైపు చూసింది. కింద దిమ్మె నిండా తెల్లటి పొడి, సిమెంటు పలుకులు, స్టూలు ఇంకా అక్కడే ఉంది. గేటు బయట అప్పటికే ఏదో స్కూలు పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు, మాస్టారు టికెట్లు తీసుకుంటున్నారు.

"అనడానికేం లేదండి" అంది. "ఆ స్టూలు తీయిస్తే ఊడ్చుకుంటాను. పిల్లలు కాళ్ళతో తొక్కి లోపలంతా చేస్తారు."

వీర్రాజు గారు సత్తిబాబును పిలవలేదు. స్టూలు తానే ఎత్తుకుని కౌంటరు వైపు నడిచారు.